ఏ ముకుందరావు?

మొన్న ఎండలు ముదరకముందు ఒక ఉదయం అచ్యుత్ మా ఇంటికి వచ్చాడు. వరసకి నాకు తమ్ముడు. మా పెద్దమ్మ మరిది కొడుకు. మాచర్లలో పురుగుమందుల కొట్టు నడుపుతాడు. తమ ఊరి బడికి ముఖద్వారం కట్టించాలనుకున్నాడు, ఎంత సరుకు పడుతుందో తెలుసుకుందామని నా దగ్గరికి వచ్చాడు. నరసరావుపేటలో నేను చేసేది అదే పని. గోడ పొడవు, ఎత్తు, మందం చెబితే ఇటుకలెన్ని, సిమెంటెంత, ఇనుమెంత అని అంచనా వేసి ఇస్తాను. దీనికోసం నేను చదివిన చదువేమీ లేదు, ఇంటర్ దగ్గరే ఆగిపోయాను. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు కొన్న ఇటుకల్లో బోలెడు మిగిలిపోయి వాకిట్లో నాచు పట్టాయి. ఇన్ని ఎందుకు మిగలాలని కూర్చుని లెక్క వేసుకున్నాను. అది పెరిగి పెరిగి బతుకుతెరువయింది.

"రెండు స్తంభాలు, పైన అడ్డం. అంతేనక్కా. నాపరాయి మనదే, దాని లెక్క ఒద్దు" అన్నాడు అచ్యుత్.

"పైన ఏం రాయిస్తావు?"

"దివాణం ముకుందరావుగారు ఇచ్చిన నేల అని. పక్కన బొమ్మ చెక్కిస్తా." ఫోను తీసి చూపించాడు. తలపాగా, మెలితిప్పిన మీసం, వెండి పొన్ను కర్ర. దివాణంలో నడిమింటి గోడకి వేలాడిన ఫొటో. చిన్నప్పుడు నేను రోజూ దాని కిందుగా నడిచేదాన్ని.

"ఈయన బడికి నేల ఇచ్చిన ముకుందరావు కాదురా. ఈయన మనవడు ఇచ్చాడు. మా పెదనాన్న."

"ఎవరు, గరిట దొరా?" నవ్వాడు. "ఏ ముకుందరావైతే ఏందక్కా, అందరూ మనోళ్ళేగా. అయినా మా తాత నోటితోనే చెప్పాడంట, మా నాయన ముకుందరావుగారు ఇమ్మంటేనే ఇచ్చానని. మా తాతకి నాయనంటే ఈ తలపాగాయనేగా?"

తాతగారు ఆ మాట అన్నమాట నిజమే. నేను కూడా విన్నాను. ఆ మాటకి అర్థం మాత్రం అచ్యుత్ అనుకుంటున్నది కాదు. అది చెప్పాలంటే ఆ ఇంట్లో పేర్లు ఎలా నడిచేవో, మనుషులు ఒకర్నొకరు ఎలా పిలుచుకునేవారో చెప్పాలి.

మా నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కావడంతో చిన్నప్పుడు కొన్నేళ్ళు నన్ను పెద్దమ్మ దగ్గర ఉంచారు. గురజాల నుంచి కారంపూడి వెళ్ళే దారిలో బస్సు దిగి కొంచెం లోపలికి నడిస్తే వాళ్ళ ఊరు. జమీ పోయి చాలా కాలమైనా ఇంటిని అందరూ దివాణం అనే పిలిచేవాళ్ళు. నేలంతా నాపరాళ్ళు, ప్రహరీ కూడా నిలబెట్టిన నాపరాళ్ళే. ఎండాకాలం సాయంత్రాలు బావిలో నీళ్ళు తోడి ఆ రాళ్ళ మీద చల్లేవాళ్ళు. వేడి రాతి మీద నీళ్ళు పడగానే ఒక ఆవిరి వాసన లేచేది. దానిలో తాతగారి చుట్ట వాసన, పెరట్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు కలిసేవి. ఇంట్లో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవాళ్ళు. కొత్తగా వచ్చిన చుట్టాలు ఎక్కువ తుమ్మేవాళ్ళు. తుమ్ములు తగ్గితే వాళ్ళు వచ్చి వారమైందని అర్థం.

ఆ ఇంట్లో పెద్దకొడుకుకి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. ముకుందరావు కొడుకు అచ్యుతరావు, అచ్యుతరావు కొడుకు ముకుందరావు. ఎన్ని తరాలు వెనక్కి వెళ్ళినా ఈ రెండు పేర్లే. వీళ్ళలో ముకుందరావులే పేరు తెచ్చుకున్నారు. పన్ను తగ్గించమని అడగడానికి గుంటూరు కలెక్టరు దగ్గరికి గుర్రం మీద పోయింది ఒక ముకుందరావు. ఆయన మనవడు, తలపాగా ముకుందరావు, కరువులో ఊరంతటికీ గంజి కాయించాడు. ఆయన మనవడు మా పెదనాన్న. అచ్యుతరావులు మాత్రం ఎక్కువగా ఇల్లు కనిపెట్టుకుని ఉండిపోయారు.

కథలు చెప్పేవాళ్ళకి ఈ తేడాలతో పని లేదు. దివాణంలో ఎప్పటినుంచో పనిచేసే సైదమ్మ, మధ్యాహ్నాలు కందులు చెరుగుతూ "ముకుందరావుగారు ఒకసారి ఏం జేశాడంటే" అని మొదలుపెట్టేది. "ఏ ముకుందరావుగారు?" అని నేను అడ్డం పడేదాన్ని. "ఏ ముకుందరావుగారైతే ఏందమ్మా, కత బాగుందా లేదా?" అని చేట విసురుగా ఎగరేసేది. ఆమె చెప్పకపోతే నేనే కనుక్కోవాలి. కథలో గుర్రం ఉంటే పాతాయన. మోటారు కారు ఉంటే తలపాగాయన. సాగరు కాలవ ఉంటే పెదనాన్న. తరానికి పాతికేళ్ళు వేసి, ఎవరు ఎప్పుడు ఏ వయసులో ఉండి ఉంటారో కూడుకునేదాన్ని. గంజి కాయించిన కథలో ఒకసారి గుర్రం, ఒకసారి మోటారు వచ్చేవి. రెండూ నిజం కావడానికి వీల్లేదు. నాకు లెక్కల మీద ఇష్టం కలగడం బడిలో కాదు, ఆ కందుల చేట పక్కన జరిగింది.

అలా విడదీస్తూ పోతే ఒక సంగతి తెలిసింది. పేరు ఒకటే అయినప్పుడు మంచి పనులు పైతరానికి పాకిపోతాయి, నవ్వులాటలు కింది తరానికి జారిపోతాయి. గంజి కాయించిన పుణ్యంలో సగం గుర్రపాయన ఖాతాలో పడింది. గురజాల కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెళ్ళి బోనులో నిలబడి కునుకు తీసింది తలపాగాయన. ఊళ్ళో మాత్రం అది మా పెదనాన్న చేసిన పనే అని చెప్పుకునేవాళ్ళు. ఆ కేసు నడిచే నాటికి పెదనాన్న పుట్టనే లేదు. ఆయన్ని అడిగితే కాదని కూడా అనేవాడు కాదు. "పడుకున్నానేమోలే, నాకు నిద్ర జాస్తి" అని ఊరుకునేవాడు.

పెదనాన్నకి వంట అంటే ప్రాణం. వాళ్ళ వంశంలో మగవాళ్ళు వంటింటి గడప తొక్కింది లేదు. ఈయన తెల్లవారగానే పంచె ఎగగట్టి, భుజాన తువ్వాలు వేసుకుని పొయ్యి ముందు కూర్చునేవాడు. గోంగూర వేయించేటప్పుడు గరిట అంచు చట్టికి తగిలే చప్పుడు ఆయనది వేరు, పెద్దమ్మది వేరు. కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఉప్పు చూడాలంటే రెండు చుక్కలు ఎడమ చేతి వెనక్కి వేసుకుని నాలుకతో అద్దుకునేవాడు. పండుమిరప పచ్చడి నూరే రోజుల్లో పొలానికి వెళ్ళే కూలీలు కూడా పెరటి గుమ్మం దగ్గర ఆగేవాళ్ళు. అందరికీ జొన్నన్నంలో ఆ పచ్చడి, పైన నూనె. తిన్నవాళ్ళు తిని వెళ్ళి రచ్చబండ దగ్గర "గరిట దొర పచ్చడి దంచాడ్రా ఇయ్యాల" అని నవ్వుకునేవాళ్ళు. ఆ పేరు పెద్దమ్మ చెవిన పడినప్పుడల్లా మొహం మాడిపోయేది. ఎవరైనా పెద్దమనుషులు వస్తున్నారంటే పెరటి తలుపు మూసి, "కాస్త చొక్కా తొడుక్కుని ముందు సావిట్లో కూచోండి, మీ పుణ్యం ఉంటుంది" అని బతిమాలేది. ఆయన వెళ్ళి కూర్చునేవాడు. కాసేపటికి పోపు మాడుతున్న వాసన వచ్చిందని లేచి వచ్చేసేవాడు.

తాతగారు, అంటే పెదనాన్న తండ్రి అచ్యుతరావుగారు, ఇదంతా ముందు సావిట్లో కుర్చీలో కూర్చుని భరించేవారు. ఎందుకు భరించేవారంటే, కొడుకుని ఒక్క మాట అనడానికి ఆయనకి వీల్లేదు. పెదనాన్న పుట్టిన ఏడే తలపాగాయన పోయాడు. తండ్రే మళ్ళీ తన ఇంట్లో పుట్టాడని తాతగారి నమ్మకం. పేరు పెట్టుకున్న నాటినుంచి ఆయన కొడుకుని "నాన్నగారూ" అని పిలిచారు, "మీరు" అన్నారు. ఊయల్లో ఉన్నప్పుడు కూడా అంతేనట. పల్నాట్లో తండ్రి పేరున్న కొడుకుని కొట్టకుండా, తిట్టకుండా పెంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, కానీ తాతగారంత నిష్ఠగా పాటించినవాళ్ళని నేను చూడలేదు. నెరిసిన తలతో ఉన్న తండ్రి, పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చిన కొడుకు ముందు నిలబడి "నాన్నగారూ, మీరు భోంచేశారా?" అని అడుగుతుంటే కొత్తవాళ్ళు తికమకపడేవాళ్ళు. నాకు మొదట్లో చాలా రోజులు ఎవరు ఎవరికి తండ్రో తెలియలేదు.

ఊరి బడి అప్పట్లో దివాణం ముందు సావిట్లోనే నడిచేది. ఊరికి తూర్పున క్రైస్తవుల వాడ ఉంది. అక్కడి పిల్లలు వచ్చేవాళ్ళు కాదు. వచ్చినా మెట్ల కింద నిలబడేవాళ్ళు. పైకి రావద్దని నేను ఉండగా ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. కొత్తగా వచ్చిన దేవదానం మాస్టారు అది గమనించాడు. ఒకరోజు ముందునుంచి కాకుండా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పెదనాన్న దోసకాయ ముక్కలు పోపులో వేస్తున్నాడు. నేను గడప మీద కూర్చుని కరివేపాకు దూస్తున్నాను.

"అయ్యగారూ, వాడలో పిల్లలు మెట్లెక్కటం లేదండీ" అన్నాడు మాస్టారు. "వాళ్ళకి కాళ్ళు రావటం లేదు. బడి ఇంకెక్కడన్నా పెట్టుకోగలిగితే..."

పెదనాన్న గరిట ఆపలేదు. "ఎక్కడైతే వస్తారు?"

"రోడ్డుకీ వాడకీ మధ్యలో అయితే అందరికీ దగ్గరండి. కానీ అది మీ చేను."

"కాలవ కిందిదా?"

"అవునండి."

"సరే తీసుకోండి. మాస్టారూ, ఇట్టా రండి, ఉప్పు చూడండి. సైదమ్మ నాలికని నమ్మటానికి లేదు."

మాస్టారు చెయ్యి చాపాడు, ఉప్పు సరిపోయిందన్నాడు. పెద్దమ్మ లోపలి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. మాస్టారు వెళ్ళాక, "చేను మామగారి పేరున ఉందండీ" అని మెల్లగా అన్నది. "ఆయన సంతకం పెట్టకపోతే ఎట్టా?"

"అడుగుదాం" అన్నాడు పెదనాన్న.

ఆ కబురు తాతగారికి ముందే చేరింది. మర్నాడు పొద్దున పెదనాన్న బావి గట్టున బియ్యం కడుగుతుంటే ఆయన కర్ర పోటేసుకుంటూ వచ్చారు. కొడుకు వైపు ఒకసారి చూశారు. తల పైకెత్తి బావి గిలకని చూశారు.

"ఒరేయ్ గిలకా! నిన్ను బిగించిందెవర్రా? ఇంట్లోకి నీళ్ళు తోడమని బిగిస్తే ఊరందరికీ తిరుగుతావంట్రా? కాలవొచ్చి ఇప్పుడిప్పుడే పండుతున్న నేల. అడిగినోడికల్లా రాసిస్తావా? బుర్రేమన్నా ఉందా నీకు?"

పెదనాన్న తలెత్తకుండానే, "గిలకని ఎందుకు తిడతారు నాన్నా? అది తిరక్కపోతే మన బిందె కూడా నిండదు గదా" అన్నాడు.

తాతగారి గొంతు వెంటనే తగ్గింది. "మిమ్మల్ని కాదు నాన్నగారూ. మీరు కానీయండి. నేను గిలకతో మాట్లాడుతున్నా."

పెద్దమ్మ పమిట నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. సైదమ్మ మాత్రం పైకే అన్నది: "పాపం గిలక! దాని తరఫున మాట్లాడేవోళ్ళే లేరు."

గిలక తరవాత దూడ తిట్లు తిన్నది, దూడ తరవాత రేడియో. ఇల్లంతా కొన్నాళ్ళు అలా గడిచింది. ఒక మధ్యాహ్నం తాతగారు తనంతట తను వంటింటి గడప దాకా వచ్చారు. నాకు తెలిసి ఆయన అక్కడికి రావడం అదే మొదలు. లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడి, "నాన్నగారూ, మీరు ఇమ్మంటున్నారా?" అని అడిగారు.

"ఇవ్వండి నాన్నా" అన్నాడు పెదనాన్న.

తాతగారు ఆ వారంలోనే గురజాల వెళ్ళి చేను రాసిచ్చి వచ్చారు. ఎందుకు ఇచ్చారని బస్సు దగ్గర, టీ కొట్టు దగ్గర ఎవరు అడిగినా ఆయన చెప్పిన సమాధానం ఒకటే: "మా నాయన ముకుందరావుగారు ఇమ్మన్నారు. కాదనటానికి నేనెవర్ని?" ఇంటి సంగతి తెలిసినవాళ్ళు నవ్వుకున్నారు. తెలియనివాళ్ళు, పోయిన తండ్రి కల్లోకి వచ్చి చెప్పాడనుకున్నారు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, తాతగారు పోయారు, పెదనాన్న కూడా పోయాడు. తెలియనివాళ్ళ మాటే మిగిలింది. ఊరికి నేల ఇచ్చింది తలపాగా ముకుందరావు, పచ్చడి నూరింది గరిట దొర. పంపకం అలా పూర్తయింది.

అచ్యుత్ ఇదంతా విన్నాడు. "నువ్వప్పుడు చిన్నపిల్లవి గదక్కా" అన్నాడు చివరికి.

"సరే, నన్ను నమ్మొద్దు. కాలవ లెక్క చూడు. మీ ముత్తాత పోయింది పెదనాన్న పుట్టిన ఏడు. కాలవలో నీళ్ళొచ్చేసరికి పెదనాన్నకి పెళ్ళై పిల్ల కూడా ఉంది. కాలవ కింద చేను ఇవ్వటానికి ఆ తలపాగాయన ఎక్కడున్నాడు?"

వాడు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "నిజమే అనుకో. కానీ ఆర్చి మీద తలపాగా ఉంటే చూసేదానికి నిండుగా ఉంటది. లెక్క ఎవుడు చూస్తాడక్కా?" అన్నాడు.

"చూసే మనిషి ఒకావిడ ఉన్నది" అన్నాను.

పెద్దమ్మ పిడుగురాళ్ళలో కూతురి దగ్గర ఉంటుంది. ఎనభై దాటింది, చెవి బాగానే పనిచేస్తుంది, మోకాళ్ళు పనిచేయవు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అచ్యుత్‌ది ఆమె మామగారి పేరు కనక ఆ పేరు ఆమె పలకదు; వాణ్ణి పుట్టిన నాటినుంచీ "బాబూ" అనే అంటుంది. ఫోనులో బొమ్మ చూపించి వాడు సంగతి చెప్పాడు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈయన్ని నేను చూడను కూడా లేదు బాబూ. నేను కాపరానికొచ్చేసరికి గోడ మీదే ఉన్నాడు."

"పెద్దమ్మా, అసలు ఇచ్చింది మనిషి కాదు, పేరు. ఆ పేరు లేకపోతే తాత సంతకం పెట్టేవాడా? ఇంకోపేరు ఉన్న కొడుకైతే చెంప పగలగొట్టేవాడు. అంటే ఆ పేరుగలాయన ఇచ్చినట్టేగా?" అచ్యుత్ వాదన బాగానే ఉంది. నేను కూడా ఒక క్షణం ఆలోచించాను.

పెద్దమ్మ ఆలోచించలేదు. "పేరు సంతకం పెట్టించిందేమో. పొయ్యి ముందు కూచుని సరే అన్నది మాత్రం ఆయన. ఆయన్ని చూసి ఊరంతా నవ్వింది. కోర్టులో పడుకున్నాడని నవ్వింది. పడుకుంది ఆయనా? ఎవరెవరు చేసిన ఎగతాళి పనులన్నీ ఆయన నెత్తిన రుద్దారు. ఆయన చేసిన ఒక్క పని, అదన్నా ఆయనకి ఉండనియ్యరా? పేరుగలోడివి నిన్ను తిట్టకూడదు గానీ బాబూ, ఆ తలపాగా బొమ్మ పెడితే నేను పోయాక కూడా నీ మొహం చూడను."

అచ్యుత్ మెత్తబడ్డాడు. పెద్దమ్మ వాణ్ణి ఎత్తుకుని పెంచింది. "సరే, బొమ్మ ఒద్దు. మరి ఈయనే అని ఎట్టా తెలుస్తది? పేరు రాస్తే జనం మళ్ళీ తలపాగాయనే అనుకుంటారు" అన్నాడు.

అక్కడ కూర్చుని నేను లెక్క మొదలుపెట్టాను. తండ్రి పేరు వేస్తే? అచ్యుతరావుగారి కుమారుడు ముకుందరావు. తలపాగాయన కూడా అచ్యుతరావుగారి కుమారుడే. గుర్రపాయన తండ్రి కూడా అచ్యుతరావే. తాత పేరు వేసినా అంతే. ముకుందరావు మనవడు ముకుందరావు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. పుట్టిన తేదీలు ఎవరికీ తెలియవు. పెదనాన్నకి ఉన్న ఫొటో పెళ్ళినాటిది ఒక్కటే, అందులో బాసికం అడ్డమొచ్చి మొహమే కనిపించదు. ఊరందరికీ తెలిసిన గుర్తు ఒకటుంది కదా అని "గరిట దొర అని రాయిద్దామా?" అన్నాను.

"ఎక్కిరింత పేరు రాయి మీద చెక్కుతావంటే?" పెద్దమ్మ మండిపడింది. నేను ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అన్ని తరాల్లోనూ మారకుండా ఉన్నవి తీసేస్తే మారినవి ఏమిటి? ఆ ఇంటి మగవాళ్ళ పేర్లు రెండే. కానీ ఆడవాళ్ళు బయటినుంచి వచ్చారు. ఒక్కో ఊరు, ఒక్కో ఇల్లు, ఒక్కో పేరు. "పెద్దమ్మా, తలపాగాయన భార్య పేరేంటి?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "పెద్ద దొరసాని అనేవోళ్ళు. పేరు... ఎవరూ అనగా ఇనలేదే." గుర్రపాయన భార్య పేరు అసలే తెలియదు. పన్ను, గంజి, కోర్టు, మోటారు అన్నీ గుర్తుంచుకున్న ఊరు ఆ రెండు పేర్లు మాత్రం గుర్తుంచుకోలేదు. మిగిలిన పేరు ఒకటే. అది మా ముందు మంచం మీద కూర్చుని ఉంది.

"సుభద్రమ్మగారి భర్త ముకుందరావుగారు ఈ బడికి నేల ఇచ్చారు. ఇలా రాస్తే ఇంకో మనిషి కావటానికి వీల్లేదు" అన్నాను.

అచ్యుత్ తల పట్టుకున్నాడు. "భార్య పేరు చెప్పి దొరని గుర్తుపట్టటమా? ఊళ్ళో నవ్వుతారక్కా."

పెద్దమ్మ మాత్రం, "నవ్వితే నవ్వనీ బాబూ. ఆయన్ని చూసి నవ్వటం వాళ్ళకేమన్నా కొత్తా?" అన్నది.

ముఖద్వారం లేచింది. నేను చెప్పిన దానికంటే కొంచెం తక్కువ ఇటుకలే పట్టాయి, మేస్త్రీ చేతి పొదుపు. నాపరాతి మీద ఆ ఒక్క వాక్యమే, పెద్ద అక్షరాల్లో. ఎవరూ పెద్దగా నవ్వలేదు కూడా. దివాణం నవ్వించే స్థితి దాటి చాలా కాలమైంది. ముందు సావిడి కూలిపోయింది, నేల రాళ్ళు పీకి ఎవరో గొడ్లపాకలో పరుచుకున్నారు. ఇప్పుడు ఊళ్ళో కాస్త వీలున్నవాళ్ళ పిల్లలు పొద్దునే పసుపు బస్సులెక్కి పిడుగురాళ్ళ బళ్ళకి పోతారు. ఈ బడికి వచ్చేది ఎక్కువగా వాడ పిల్లలు, మిరప కోతలకి వచ్చి ఉండిపోయిన కూలీల పిల్లలు. ఒకప్పుడు మెట్లు ఎక్కనివాళ్ళ మనవలదే ఇప్పుడు బడంతా. అది మంచో చెడో నేను చెప్పలేను; తరగతి గదులు సగం ఖాళీ అని మాత్రం చెప్పగలను.

అనుకోనిది ఇంకొకటి జరిగింది. బడులు తెరిచిన కొన్ని రోజులకి పెద్దమ్మ ఫోను చేసింది. ఆమె మందులు తెచ్చే ఆటో అబ్బాయిది ఆ ఊరే. వచ్చి దణ్ణం పెట్టి, "సుభద్రమ్మ బడంటే మీరేనంట గదమ్మా? మీరే ఇచ్చారంట గదా నేల?" అన్నాడట. రాతి మీద మొదటి మాట ఆమె పేరు. జనం మొదటి మాట దాకా చదివి ఆగిపోతున్నారు.

"ఏమే, ఇదేనంటే నీ లెక్క? ఆయన పేరు ఎక్కిస్తానని నా పేరు ఎక్కించావు. ఆయనకి మళ్ళీ దక్కలేదు. నన్ను తీసుకుపో అక్కడికి."

మోకాళ్ళని చెప్పి చూశాను, వినలేదు. బుధవారం నాడు అచ్యుత్ కారు పంపించాడు. మేం చేరేసరికి పిల్లలు అన్నం తిని ముఖద్వారం నీడలో ఆడుకుంటున్నారు. కారు దిగుతున్న ముసలావిణ్ణి చూసి మూగారు. ఒక పంతులమ్మ లోపలినుంచి కుర్చీ తెప్పించి వేసింది. పెద్దమ్మ కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడింది.

రెండు జడల పిల్ల ఒకతె ముందుకు వచ్చింది. "అవ్వా, సుభద్రమ్మ అంటే నువ్వేనా? ఈ బడి నువ్వే ఇచ్చావంటగా?"

"నేను కాదమ్మా. ఈ చేను మా ఆయన ఇచ్చాడు."

"మీ ఆయన పేరేంది?"

పెద్దమ్మ ఆగింది. ఆమె తరంలో భర్త పేరు పెదవి దాటి రాదు. ఇన్నేళ్ళలో ఆమె ఆ పేరు అనగా నేను వినలేదు. పోట్లాడిన రోజున కూడా "ఆయన" అనే అన్నది. నేను చెబుదామని నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పైన రాసుంది గదా, చదవండి" అన్నది.

పిల్లలంతా మెడలెత్తారు. రెండు జడల పిల్ల వేలు పెట్టి చూపిస్తూ మొదటి మాట గబగబా చదివేసింది. అది వాళ్ళకి వచ్చినదే. రెండో మాట దగ్గర నెమ్మదించింది. మూడో మాట దగ్గరికి వచ్చేసరికి వెనక ఉన్నవాళ్ళు కూడా అందుకున్నారు. ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక, అక్షరం తరవాత అక్షరం కూడబలుక్కుంటూ ము, కుం, ద, రా, వు, గా, రు అని అరిచారు. మిగతా వాక్యం కూడా చివరిదాకా చదివారు.

పెద్దమ్మ కుర్చీ వీపు మీద చెయ్యి ఇంకా గట్టిగా బిగించింది.

"ఇంకోసారి చదవండమ్మా" అన్నది.